చిన్న పట్టణపు చెత్తను పూడ్చకుండా విద్యుత్ కేంద్రానికి పంపడం లాభమేనా?

ప్రశ్న: కృష్ణా తీరం

నమస్కారం. మాది కోస్తా ఆంధ్రలో లక్షన్నర జనాభా ఉన్న పట్టణం. రోజుకు 60 నుంచి 70 టన్నుల చెత్త పోగవుతుంది. ఇన్నేళ్లుగా దాన్ని ఊరి చివర చెరువు పక్కనున్న డంపింగ్ యార్డులోనే పారబోస్తూ వచ్చారు. అక్కడ పేరుకున్న పాత గుట్టను ఇటీవల బయోమైనింగ్ (పాత చెత్తను తవ్వి, జల్లెడపట్టి వేరుచేయడం) ద్వారా చాలావరకు తొలగించారు గాని, కొత్త చెత్త మళ్లీ అదే స్థలానికి చేరుతోంది. ఇప్పుడు పురపాలక సంఘం ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఊరి చెత్తనంతా, తడీ పొడీ వేరు చేయకుండానే, లారీలకెత్తి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని చెత్త ఆధారిత విద్యుత్ కేంద్రానికి పంపుతారట.

వార్డు కమిటీ సభ్యుడిగా నేను ఈ విషయంలో అభిప్రాయం చెప్పవలసి ఉంది. చెత్త నుంచి కరెంటు అనగానే సమావేశంలో అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. అది ఎంత కరెంటు, ఎవరికి ఎంత ఖర్చు అని అడిగినవారు మాత్రం కనబడలేదు. పూడ్చిపెట్టడం కంటే కాల్చడం మేలన్న మాట నిజమే అయితే, అది మా వంటి చిన్న పట్టణానికి కూడా వర్తిస్తుందా? పొగ, బూడిద సంగతి ఏమిటి? ఇవి రెండూ కాక మూడో దారి ఏదైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: ఆవిరి యంత్రం

కృష్ణా తీరం గారికి,

నేను బాయిలర్ల మీద పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాణ్ని గనుక పొయ్యి వైపు నుంచే చెబుతాను. ఏ ఇంధనం విషయంలోనైనా మొదట అడగవలసిన ప్రశ్న, కిలోకు ఎన్ని కిలోకేలరీల వేడి ఇస్తుందన్నది. వంటింటి తడి చెత్తలో 70 శాతం దాకా నీరే ఉంటుంది. మిగిలిన 30 శాతం ఘనపదార్థం కిలోకు 4000 కిలోకేలరీల చొప్పున మండినా, కిలో చెత్తకు వచ్చేది 1200. అందులో 400కు పైగా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. చేతికి దక్కే 800 లోపు వేడితో అది తనంతట తాను నిలకడగా మండను కూడా మండదు. పాలిథీన్ సంచులైతే కిలోకు 10,000 పైచిలుకు, ఎండు కాగితమూ గుడ్డపేలికలూ అయితే 3500 నుంచి 4000 దాకా ఇస్తాయి. అంటే ఇటువంటి కేంద్రంలో నిజంగా మండేవి ప్లాస్టిక్కు, కాగితం, గుడ్డ; తడి చెత్త పచ్చికట్టెలా పొయ్యిలో చేరి వాటి మంటను తినేస్తుంది.

ఈ లెక్కను నిర్లక్ష్యం చేసినందువల్లనే మన దేశంలో తొలి ప్రయత్నం దెబ్బతిన్నది. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో, డెన్మార్క్ సాంకేతికతతో, రోజుకు 300 టన్నులు కాల్చి 3.75 మెగావాట్లు ఉత్పత్తి చేసే కేంద్రాన్ని కట్టారు. కిలోకు 1400కు పైగా కిలోకేలరీలు వస్తాయన్న అంచనాతో కట్టిన పొయ్యికి అందులో సగం విలువ ఉన్న చెత్తే అందడంతో అది మూడు వారాలకే ఆగిపోయింది. 2003 ప్రాంతంలో విజయవాడలో 6 మెగావాట్లతోనూ, షాద్‌నగర్ దగ్గరి ఎలికట్టలో 6.6 మెగావాట్లతోనూ వచ్చిన కేంద్రాలు చెత్తను ఆరబెట్టి, తురిమి, ఇంధనంగా మార్చి కాల్చే పద్ధతిని అనుసరించాయి గాని, అవీ ఎక్కువ కాలం నిలవలేదు. 2005లో సుప్రీంకోర్టు ఇటువంటి ప్రాజెక్టులకు కొత్తగా సబ్సిడీలు ఇవ్వడాన్ని ఆపివేసి, నిపుణుల సంఘం పరిశీలన జరిగాక 2007లో ప్రయోగాత్మకంగా ఐదింటికి మాత్రం అనుమతించింది.

ఇప్పటి కేంద్రాలు అంత నాసిరకమైనవి కావు. వచ్చిన చెత్తను పెద్ద గుంతలో కొన్ని రోజులు నిలవ ఉంచి, దానిలోంచి దిగే మురుగునీటి ఊటను కార్చి, కదిలే ఇనుప జల్లెడ మీద నెమ్మదిగా ఆరబెడుతూ కాలుస్తారు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన కేంద్రాన్ని తరువాత 24 మెగావాట్లకు పెంచారు. 2022లో గుంటూరు, విశాఖపట్నం నగరాల కోసం 15 మెగావాట్ల చొప్పున రెండు కేంద్రాలు ప్రారంభమయ్యాయి. ఒక్కొక్కదానికి రోజుకు సుమారు 1200 టన్నుల చెత్త కావాలి. 15 మెగావాట్లు రోజంతా నడిస్తే 3,60,000 యూనిట్లు, అంటే టన్నుకు 300 యూనిట్లు. కిలోకు 1500 కిలోకేలరీల చెత్తను తీసుకుని, అందులోని వేడిలో ఐదో వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుందని, అందులోనూ కొంత కేంద్రం సొంత అవసరాలకే పోతుందని లెక్క వేసినా ఇంచుమించు అదే అంకె వస్తుంది.

ఈ లెక్కన మీ 70 టన్నులకు వచ్చేది రోజుకు 21,000 యూనిట్లు, అంటే ఒక మెగావాటు కూడా నిండదు. ఆ పరిమాణానికి సొంత బాయిలరు, టర్బైను పెట్టుకోవడం గిట్టదు గనుకనే మిమ్మల్ని 80 కిలోమీటర్లు పంపమంటున్నారు. అయితే లారీలో మీరు పంపే బరువులో సగం నీరే. డీజిలు పోసి దాన్ని అంత దూరం మోసుకెళ్లేది, అక్కడ మరికొంత వేడి పోసి ఆవిరి చేయడానికి. నా అభిప్రాయం స్పష్టం. దీన్ని కరెంటు ఉత్పత్తిగా చూస్తే చాలా ఖరీదైన కరెంటు. చెత్తను తొంభై శాతం దాకా ఘనపరిమాణం తగ్గించి వదిలించుకునే పద్ధతిగా చూస్తే, భూమి దొరకని పెద్ద నగరానికి సమర్థించదగినదే. మీరు ఏ లెక్కలో చూస్తున్నారన్నది ముందు మీ సంఘం తేల్చుకోవాలి.

జవాబు: మూసీ గట్టు

పై జవాబులోని వేడి లెక్కతో నాకు పేచీ లేదు. గాలి, నీటి నమూనాల పరీక్ష నా వృత్తి కాబట్టి పొగ, బూడిదల గురించి రాస్తాను.

అందరూ భయపడేది డయాక్సిన్లనే తీవ్ర విష రసాయనాల గురించి. చెత్తలోని క్లోరిన్ వీటికి మూలం. పీవీసీ వంటి ప్లాస్టిక్కుల నుంచే కాక వంటింటి ఉప్పు నుంచి కూడా అది వస్తుంది. పొయ్యిలో వాయువులను 850 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా కనీసం రెండు సెకన్లు ఉంచితే అవి విచ్ఛిన్నమవుతాయి గాని, పొగ చల్లబడుతూ 450 నుంచి 200 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు బూడిద రేణువుల మీద తిరిగి ఏర్పడతాయి. అందుకే పొగను వేగంగా చల్లార్చడం, సున్నం, యాక్టివేటెడ్ కార్బన్ (విషాలను పీల్చుకునే బొగ్గుపొడి) చల్లడం, గుడ్డ సంచుల వడపోత, ఇవన్నీ కావాలి. మన 2016 ఘనవ్యర్థాల నిబంధనలలో డయాక్సిన్లకు పెట్టిన పరిమితి ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాములు, ఇది అప్పటి ఐరోపా పరిమితితో సమానమే. కాగితం మీద మన ప్రమాణం బలహీనమైనదేమీ కాదు. చిక్కంతా కొలతలో ఉంది. ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల వంటివాటిని పొగగొట్టంలో అమర్చిన పరికరాలు నిరంతరం కొలుస్తాయి. డయాక్సిన్లను మాత్రం మనుషులు వెళ్లి నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి. నమూనా తీసే రోజు ముందే తెలిసినప్పుడు పొయ్యి ఎంత శ్రద్ధగా నడుస్తుందో ఊహించడం కష్టం కాదు. తడి ఎక్కువైన చెత్త వల్ల పొయ్యి వేడి పడిపోయే వానాకాలంలో తీసిన నమూనా ఫలితాలను మీరు అడిగి చూడాలని నా సలహా. ఢిల్లీ ఓఖ్లా కేంద్రంపై చుట్టుపక్కల నివాసులు ఏళ్ల తరబడి పోరాడగా, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానికి 25 లక్షల రూపాయల పరిహారం విధించింది, మూసివేయమని మాత్రం ఆదేశించలేదు.

బూడిద రెండు రకాలు. అడుగున మిగిలే బూడిద, పరిమాణంలో ఎక్కువైనా, ఇనుము వేరుచేసి పరీక్షించాక రోడ్డు పనులకు వాడదగినది. వడపోత సంచులలో పట్టుబడే సన్నని బూడిద కొద్దిదే, కాని సీసం, కాడ్మియం వంటి భారలోహాలూ డయాక్సిన్లూ దానిలోనే పోగుపడతాయి. దాన్ని ప్రమాదకర వ్యర్థాలకు ప్రత్యేకించిన, అడుగున పొరలు వేసిన చోట మాత్రమే పూడ్చాలి. కాబట్టి పూడ్చవలసిన అవసరం పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పైగా మన చెత్తలో రోడ్లు ఊడ్చిన మట్టి, కాలువల పూడిక కలుస్తాయి. అవి మండవు, బూడిదగా లెక్కకొచ్చి మళ్లీ లారీ ఎక్కుతాయి.

ఇంత చెప్పాక కూడా, ఇప్పుడున్న డంపింగ్ యార్డే మేలని మాత్రం అనను. జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైగా పేరుకున్న పాత చెత్తను మట్టితో, ప్లాస్టిక్ పొరలతో కప్పవలసి వచ్చింది. దాని ఊట చుట్టుపక్కల చెరువులనూ బోర్లనూ ఏం చేసిందో ఆ ప్రాంతంవారిని అడిగితే చెబుతారు. 2023 మార్చిలో కొచ్చి బ్రహ్మపురం యార్డు అంటుకుని పది రోజులకు పైగా నగరమంతా పొగ కమ్మింది. అటువంటి మంటకు పొగగొట్టమూ ఉండదు, వడపోతా ఉండదు. గాలి తగలకుండా కుళ్లే తడి చెత్త నుంచి వచ్చే మీథేన్, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. యార్డులో మీథేన్, దుర్వాసన, ఊటలో అత్యధిక భాగం తడి చెత్త వల్ల వచ్చేవి. పొయ్యికి వేడి ఇచ్చేది పొడి చెత్త. అంటే యార్డును పాడుచేస్తున్న పదార్థం, కాల్చడానికి పనికొచ్చే పదార్థం ఒకటి కావు. రెండింటినీ కలిపి ఒకే లారీలో పంపాలన్న ప్రతిపాదన మొదటి అడుగులోనే తప్పటడుగు వేస్తోందని నాకనిపిస్తోంది.

జవాబు: మాల్మో తెలుగు

ఇలాంటి చర్చలలో స్వీడన్ పేరు తప్పకుండా వస్తుంది గనుక, అక్కడ ఉంటున్నవాడిగా కొంచెం చెబుతాను. ఇక్కడ ఇళ్ల చెత్తలో పూడ్చేది ఒక శాతం లోపే, ఇంచుమించు సగం కాలుస్తారు అన్నది వాస్తవమే. అయితే ఇక్కడి కేంద్రాల ముఖ్య ఉత్పత్తి కరెంటు కాదు, వేడి నీళ్లు. ఊరంతటా భూమిలో వేసిన గొట్టాల ద్వారా ఆ నీళ్లు ఇళ్లను వెచ్చబరుస్తాయి. విద్యుత్తుగా మార్చేటప్పుడు వృథా అయ్యే వేడినంతా ఇలా వాడుకోవడం వల్ల చెత్తలోని శక్తిలో 80, 90 శాతం దాకా ఉపయోగంలోకి వస్తుంది. కోస్తా ఆంధ్రలో మే నెలలో ఇళ్లకు వేడి నీళ్లు పంపితే ఎవరు తీసుకుంటారు? కాబట్టి ఐరోపా సామర్థ్యపు అంకెలు చూపి మన కేంద్రాలను సమర్థించేవారి మాట జాగ్రత్తగా వినాలి.

ఇంకొకటి. మండే చెత్తను పూడ్చడాన్ని స్వీడన్ 2002లోనూ, సేంద్రియ చెత్తను పూడ్చడాన్ని 2005లోనూ నిషేధించింది. 2024 నుంచి ఇళ్లలో ఆహార వ్యర్థాలను వేరు చేయడం ఇక్కడ తప్పనిసరి. మా అపార్టుమెంటులో వాటికి విడిగా కాగితపు సంచులు ఇస్తారు. అవి బయోగ్యాస్‌కు వెళతాయి, పొయ్యికి కాదు. మా ఊరి నుంచి సముద్రం మీది వంతెన దాటితే వచ్చే డెన్మార్క్ పరిస్థితి మరొక విధంగా ఉంది. కేంద్రాలు అవసరానికి మించి కట్టుకుని, వాటిని నడపడానికి బయటి దేశాల చెత్తను దిగుమతి చేసుకుంటూ వచ్చి, చివరకు 2020లో దహన సామర్థ్యాన్ని 30 శాతం తగ్గించాలని ఆ దేశం నిర్ణయించింది. పైకప్పు మీద మంచు క్రీడల వాలు కట్టిన కోపెన్‌హేగన్ కేంద్రం ఫొటోలు మన పత్రికలలో తరచు వస్తాయి గాని, ఈ నిర్ణయం మాత్రం అంతగా రాలేదు.

ప్రశ్నించినవారు: కృష్ణా తీరం

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక ఒప్పందపు ముసాయిదా అడిగి చూశాను. ఒప్పంద కాలం 20 ఏళ్లు. రోజుకు 60 టన్నులకు తగ్గితే లోటుకు పురపాలక సంఘం పరిహారం కట్టాలని అందులో ఉంది. తడి చెత్తను మేమే వేరుచేసి శుద్ధి చేసుకుంటే మిగిలేది అందులో సగం కూడా ఉండదు కదా. ఇక తడి చెత్తను బయోగ్యాస్‌గా మార్చి బస్సులు నడపవచ్చని, ఇండోర్‌లో అలాగే చేస్తున్నారని మా కమిటీలో ఒకరు గట్టిగా అంటున్నారు. అది మాకు సాధ్యమేనా?

జవాబు: తట్టా బుట్టా

నేను తెలంగాణలో ఒక పురపాలక సంఘంలో పారిశుద్ధ్య విభాగం పనులు చాలాకాలం చూశాను. ఇండోర్ ఉదాహరణ మంచిదే గాని, దాని వెనుక ఉన్నదాన్ని కూడా చూడండి. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ కేంద్రం రోజుకు 550 టన్నుల తడి చెత్తతో సుమారు 17 టన్నుల గ్యాస్ తీయడానికి కట్టినది. అంతకు ముందు ఎన్నో ఏళ్లు ఆ నగరం ఇంటి గడప దగ్గరే చెత్తను వేరు చేయించడం మీద పట్టుబట్టి కూర్చుంది. వేరుచేసిన తడి చెత్తలో ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బొండాలు, గాజు ముక్కలు కలిసి వస్తే బయోగ్యాస్ ట్యాంకు నెలల్లోనే మూలపడుతుంది. మన రాష్ట్రాలలో తాళం పడిన చిన్న బయోగ్యాస్ యూనిట్లలో చాలావాటి కథ ఇదే.

మీకు దగ్గరగా ఉండే ఉదాహరణ హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్. అక్కడ ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తల పద్ధతిలో రోజుకు పది టన్నుల కూరగాయల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, క్యాంటీన్ వంటకు గ్యాస్ తీశారు. టన్నుకు 50 యూనిట్లు అంటే ఆవిరి యంత్రం గారికి నవ్వు రావచ్చు! కాని అక్కడ గెలిచింది వేరుచేసే శ్రమ లేకపోవడం. మార్కెట్లో పుట్టేదంతా ఒకే రకం చెత్త, పుట్టినచోటే శుద్ధి, లారీ ఖర్చు లేదు. కాబట్టి మీ రైతుబజారు, కూరగాయల మార్కెట్టు, హోటళ్లు, కల్యాణ మండపాల నుంచి వచ్చే నాలుగైదు టన్నులకు బయోగ్యాస్ పెట్టుకోండి. ఇళ్ల నుంచి వచ్చే మిగతా తడి చెత్తకు కంపోస్టే సరైనది. దానికి కావలసింది రేకుల షెడ్డు, తిరగేసే యంత్రం, జల్లెడ, అన్నిటికంటే ముఖ్యంగా జీతం సకాలంలో అందుకునే మనుషులు. వానాకాలంలో షెడ్డు లేకపోతే ఎరువు ఎరువు కాదు, బురద. గాజు పెంకులు కనబడిన కంపోస్టును ఒక్కసారి చూసిన రైతు రెండోసారి రాడు. అందుకే జల్లెడ మీద బేరమాడకండి.

మీ 70 టన్నులను మన పట్టణాల ధోరణిలో ఉజ్జాయింపుగా విడదీస్తే తడి చెత్త 38, మట్టి, రాళ్లు 12, అమ్ముడుపోయే పొడి చెత్త 8, అమ్ముడుపోకపోయినా మండేది 12 టన్నుల వరకు ఉండవచ్చు. అమ్ముడుపోయేదాన్ని చెత్త ఏరుకుని బతికేవారికే వదలండి. వారికి గుర్తింపు కార్డులు, చేతి తొడుగులు ఇచ్చి షెడ్డులో చోటు చూపిస్తే వారి కంటే బాగా వేరుచేసేవారు దొరకరు. అన్నీ కలిపి లారీలకెత్తితే ముందుగా దెబ్బతినేది వారి కూడే, ఆ సంగతి ప్రతిపాదనలో ఎక్కడా ఉండదు. చివరకు మిగిలిన ఆ 12 టన్నుల కవర్లు, పేలికలు, చెప్పులే దూరం పంపదగినవి. దానికి విద్యుత్ కేంద్రం ఒక్కటే గమ్యం కాదు. మీ జిల్లాను బట్టి జగ్గయ్యపేట వైపు సిమెంటు కర్మాగారాలు దగ్గర కావచ్చు. కిలన్‌లో (సిమెంటు బట్టీలో) పదార్థం 1450 డిగ్రీల వేడికి చేరుతుంది, బూడిద, పొడిచేస్తే సిమెంటు అయ్యే గడ్డలైన క్లింకర్‌లోనే కలిసిపోతుంది గనుక విడిగా పూడ్చవలసింది ఉండదు. వారికి ఆరిన, చిన్న ముక్కలుగా తురిమిన, పీవీసీ లేని సరుకు కావాలి. క్లోరిన్ ఎక్కువైతే కిలన్‌లో గడ్డలు కడుతుందని వెనక్కి పంపేస్తారు. కిలోకు 1500 కిలోకేలరీలు, అంతకు మించి వేడి ఇచ్చే, తిరిగి వాడలేని చెత్తను పూడ్చకూడదనీ, శక్తి కోసమే వాడాలనీ 2016 నిబంధనలు కూడా చెప్పాయి. అవి ఉద్దేశించింది ఈ 12 టన్నుల వంటి సరుకునే.

జవాబు: ఆవిరి యంత్రం

తట్టా బుట్టా గారూ, నవ్వు రాలేదు. పుట్టినచోటే వాడిన 50 యూనిట్లకూ, 80 కిలోమీటర్లు మోసిన 300 యూనిట్లకూ పోలిక అంత తేలిక కాదు.

కృష్ణా తీరం గారూ, మీ ముసాయిదాలోని 60 టన్నుల నిబంధనే అన్నిటికంటే ప్రమాదకరమైనది. బరువును బట్టి హామీ ఇచ్చాక చెత్త తగ్గించుకునే ప్రతి ప్రయత్నానికీ మీరే జరిమానా కడతారు. కేంద్రానికీ తడి బరువే అందుతుంది. బరువు మీద ఉన్న హామీని తీసివేయించి, తేమ 25 శాతానికి మించని పొడి సరుకు టన్నుకు ఇంత అని ధర రాయించండి. గడువును ఐదేళ్లకు కుదించమనండి. తూకం మీ ఊళ్లోనే, మీ కాటా మీదే జరగాలి. రెండు రకాల బూడిదలకు బాధ్యత పూర్తిగా కేంద్రానిదే అని ఉండాలి, లేకపోతే బూడిద మీ చెరువు గట్టుకే తిరిగిరావచ్చు.

కరెంటు ధర గురించి ఎవరూ అడగలేదన్నారు. 2015-16లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి చెత్తను నేరుగా కాల్చే కేంద్రాలకు యూనిట్‌కు 7.04 రూపాయలు, చెత్తను ఇంధనంగా మార్చి కాల్చేవాటికి 7.90 రూపాయలు నిర్ణయించింది. సౌర విద్యుత్తు వేలంలో రెండున్నర, మూడు రూపాయలకు దొరుకుతున్నా, రాష్ట్రంలో చెత్త నుంచి వచ్చే విద్యుత్తునంతా డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) కొని తీరాలని 2016 నాటి జాతీయ టారిఫ్ విధానం చెబుతోంది. ఆ తేడా వినియోగదారుల బిల్లులలోకి వస్తుంది. చెత్తను తీసుకున్నందుకు కేంద్రానికి టన్నుకు ఇంత చొప్పున కట్టే టిప్పింగ్ ఫీజు, లారీ కిరాయి మీ పురపాలక సంఘం ఖాతాలోంచి విడిగా పోతాయి. ఈ మూడింటినీ కలిపి 20 ఏళ్లకు ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసి, దాని పక్కన షెడ్డు, జల్లెడ, మార్కెట్ దగ్గరి బయోగ్యాస్ ట్యాంకు, కార్మికుల జీతాలు, 12 టన్నుల రవాణా ఖర్చు వేసి, రెండు కాగితాలనూ తరువాతి సమావేశంలో సభ్యులందరికీ పంచండి.